గట్టు పగలగొట్టే ముందు

ఉదయం ఐదున్నర. గుంటూరు బ్రాడీపేటలో ఓ అడ్డరోడ్డు. వీధి గేటు దగ్గర ఆగకండి, పక్కసందులోంచి పెరట్లోకి వచ్చేయండి. చెప్పులు తులసికోట దగ్గర విడిచి, గడప దాటేటప్పుడు తల కాస్త వంచండి. పాత ద్వారబంధం, ఎత్తు తక్కువ. వీధివైపు నుంచి లెక్కేస్తే ఈ ఇంట్లో వంటగది ఆఖరిది. పాలు, కూరగాయలు, గ్యాసుబండ వచ్చే దారిన లెక్కేస్తే ఇదే మొదటిది.

అత్తగారు అప్పటికే పొయ్యి వెలిగించారు. డెబ్బై దాటిన మనిషి, బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కోడలు గుమ్మంలో నోటుబుక్కు పట్టుకుని నిలబడింది. రాత్రి భోజనాల దగ్గర మాట తేలిపోయింది. ఆవకాయ పెట్టడం అయింది కాబట్టి వరలక్ష్మీవ్రతం నాటికి ఈ వంటగది కొత్తదైపోవాలి. మామగారు తన వంతు మాట ఒక్కటే అన్నారు: "నాలుగున్నర లక్షలు. ఆ పైన నన్నడక్కండి."

టేపు ఇంకా సంచిలోంచి తీయొద్దు. ముందు ఒక పూట వంట చూద్దాం.

చూడండి, పెసరట్టుకి పిండి రుబ్బాలి. మిక్సీ గట్టు మీద లేదు, తలుపు పక్కన స్టూలు మీద ఉంది. ఈ గదిలో ఉన్న ప్లగ్గు ఒకటే, అది తలుపు పక్కనే ఉంది. దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్ తీగ సింకు మీదుగా వేలాడుతూ ఫిల్టరు దాకా వెళ్లింది. అల్లం కావాలి. ఫ్రిజ్ హాల్లో ఉంది. వెళ్లారు, వచ్చారు. పచ్చిమిరపకాయలు మర్చిపోయారు, మళ్లీ వెళ్లారు. ఉల్లిపాయలు తరగడానికి కత్తిపీట వేసుకుని కింద కూర్చున్నారు. లేచేటప్పుడు గట్టు అంచు పట్టుకుని, ఓ క్షణం ఆగి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచారు. కోడలు అది రాసుకుంది. అట్టు తిరగేస్తుంటే ఆవిడ నడుం ముందుకు వంగి ఉంది. గట్టు ఎత్తు ముప్పై అంగుళాలే. పెనం దించి పెట్టడానికి పొయ్యి పక్కన జానెడు చోటు లేదు, అక్కడ ఉప్పు జాడీ, నూనె డబ్బా, పోపుల పెట్టె కాపురముంటున్నాయి.

గంట తిరిగేసరికి నోటుబుక్కులో ఒక పేజీ నిండింది. ఫ్రిజ్ లోపలికి రావాలి. కూర్చుని కాక నిలబడి తరుక్కునే చోటు కావాలి. పొయ్యికి రెండు పక్కలా గిన్నె దించుకునే జాగా ఉండాలి. ప్లగ్గులు గట్టు వెంట ఉండాలి. ఏ షోరూము బొమ్మల పుస్తకంలోనూ ఈ పేజీ దొరకదు. అందులో ఉండేవి ఇతరుల ఇళ్లు.

ఇప్పుడు టేపు తీయండి. గది పదకొండడుగుల పొడవు, పది వెడల్పు. ఒక గోడకి కిటికీ, మూడడుగులు బై నాలుగు, టేకు చెక్క. ఒక మూల నేలలో పాతేసిన రుబ్బురోలు. కోడలు గళ్ల కాగితం మీద ఒక గడికి ఆరంగుళాల లెక్కన గీస్తోంది. ఎత్తు దగ్గర పేచీ వచ్చింది. అత్తగారిది ఐదడుగుల ఒక అంగుళం, కోడలిది ఐదు అయిదు. మడిచిన మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాలు కింద గట్టు ఉంటే నడుం మీద భారం తగ్గుతుంది. ఇద్దరినీ గోడకి ఆనించి మోచేతుల దగ్గర పెన్సిలు గీత పెట్టారు.

"ముప్పై మూడు చేద్దాం అత్తయ్యా. మీకు మరీ ఎత్తనిపించదు, నేను మరీ వంగక్కర్లేదు."

"పోపు వేసేటప్పుడు మూకుట్లోకి కనబడితే చాలమ్మా నాకు."

ముప్పై మూడు అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.

ఎనిమిదింటికి మేస్త్రి వచ్చాడు. చంకలో సంచి, అందులో శానం, సుత్తి, తూకంగుండు. గుమ్మంలోంచే గదంతా ఒకసారి కలయజూశాడు. "ఏందమ్మా, మొత్తం పగలగొట్టటమేనా?"

"ముందు చూడండి మేస్త్రిగారూ, పగలగొట్టడం తర్వాత," అన్నారు అత్తగారు.

అతను సుత్తి తిరగేసి పట్టుకున్నాడు. పిడి చివరతో గోడని కొడుతూ కిటికీ వైపు నుంచి నడుస్తున్నాడు. దగ్గరికి వచ్చి వినండి. టక్, టక్, టక్ అని గట్టి చప్పుడు. సింకు దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది. డబ్, డబ్. "డొల్ల," అన్నాడు. ప్లాస్టరింగు గోడని వదిలేసి ఉత్తినే నిలబడి ఉంది. శానం పెట్టి అడుగు మేర తీసి చూపించాడు. పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. వెనక ఇటుక తడిగా, నల్లగా ఉంది. ఇటుకల సందుల్లో తెల్లటి ఉప్పు పొడి. మేస్త్రి వేలితో గీకితే సున్నం రాలి పడింది.

"గానుగసున్నం ఇది. ఇప్పుడెవడు కడతాడమ్మా ఇట్టా?"

ఇల్లు 1974లో కట్టింది. సిమెంటు మీద కంట్రోలు ఉన్న రోజులవి. పర్మిటు చేతిలో ఉంటేగాని బస్తా దొరికేది కాదు. 1982లో ఆ కంట్రోలు కొంతవరకు ఎత్తేశారు. సిమెంటు అలా దొరక్కపోబట్టే ఆ కాలపు ఇళ్లలో చాలావాటికి దొరికిన సిమెంటంతా స్లాబుకి పోయి, గోడలకి సున్నం మిగిలింది. సున్నపు గోడ చెడ్డదేం కాదు, యాభై ఏళ్లు నిలబడింది. దాని పద్ధతి వేరు, అంతే. లోపల చేరిన తడిని అది మెల్లగా బయటికి వదులుతుంది. తడి ఆరకముందే దాని మీద గట్టి సిమెంటు పూత వేసి, పైన టైలు అంటిస్తే, ఆ తడి బయటికి దారి లేక గోడలోనే తిరుగుతుంది. కొన్నేళ్లలో టైళ్లు డొల్లవుతాయి.

"తడి ఎక్కణ్ణుంచి వస్తోందో తేలకుండా నేను ప్లాస్టరింగు చెయ్యనమ్మా. ఆరటానికి మూడు వారాలు పడుద్ది."

మూడు వారాలు! కోడలు ముఖం చూడండి. ఆమె పెట్టుకున్న లెక్కలో మొత్తం పనే నాలుగు వారాలు.

ఇక ఆమె అసలు కోరిక బయటికొచ్చింది. ఫోనులో బొమ్మ చూపిస్తోంది. వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ లేదు, అంతా ఒకటే హాలు. "ఈ గోడ తీసేస్తే గాలీ వెలుతురూ వస్తాయి కదండీ?"

మేస్త్రి జవాబు చెప్పకుండా ద్వారబంధం పక్కన టేపు పెట్టి గోడ మందం కొలిచాడు. పది అంగుళాలు. పూత తీసేస్తే తొమ్మిది. మెట్లెక్కి డాబా మీదికి వెళ్లాడు, మనమూ వెళ్దాం. స్లాబు ఎటు నుంచి ఎటు పరిచారో, ఏ గోడ మీద కూర్చుందో అడుగులేసి లెక్క చూశాడు. ఈ ఇంట్లో పిల్లర్లు లేవు. గోడలే స్లాబుని మోస్తున్నాయి. ఆ మధ్య గోడ అడ్డు గోడ కాదు, మోసే గోడ.

"నాలుగున్నర అంగుళాల గోడయితే మధ్యాహ్నానికి లేపేసేవాణ్ణి. దీన్ని తియ్యాలంటే ఇంజనీరు రావాలి, కింద ఇనప దూలం పడాలి, దానికి లెక్క వెయ్యాలి. ఆయన సంతకం లేకుండా నేను సుత్తి పెట్టను."

ఆ దూలం లెక్క వేస్తే మామగారి నాలుగున్నర లక్షల్లో పెద్ద ముక్క అక్కడే పోతుంది. కానీ మేస్త్రి కళ్లు ఇంకా ఆ గోడ మీదే ఉన్నాయి. మధ్యలో మూడడుగుల గోడ అలమర ఉంది, ఊరగాయ జాడీలు పెట్టుకునేది. జాడీలు పక్కకి జరిపి, వెనకభాగం మీద వేళ్లతో కొట్టాడు. అలమర పైన లింటెల్ కట్టినప్పుడే వేశారు. వెనక ఉన్నది నాలుగున్నర అంగుళాల పలక గోడ, దాని మీద బరువేమీ లేదు. "ఈ వెనక ముక్క తీసేస్తాను. భోజనాల గదిలోకి కిటికీ అయిపోద్ది. గిన్నెలు ఇటు నుంచి అటు అందించుకోవచ్చు, వెలుతురు వచ్చుద్ది. ఒక్కరోజు పని."

కోడలు అలమర ముందు వంగి, అవతలి గదిలో బల్లని ఊహించుకుంటోంది. తలూపింది. పాత ఇంటి గోడలతో ఇలాంటి బేరాలు చాలా కుదురుతాయి, కట్టినవాడు వదిలిన సందు ఎక్కడుందో చూసే మేస్త్రి దొరకాలి అంతే.

పదిన్నరకి ప్లంబరు వచ్చాడు. కుర్రవాడు, బండి మీద పైపు ముక్కలతో. కుళాయి తిప్పాడు. సన్నటి ధార. "పైన ట్యాంకు నిండుగా ఉందా అమ్మా?" నిండుగానే ఉంది. సింకు కింద దూరి, పైపు రెంచీతో మూలలో ఒక జానెడు ముక్క విప్పి మన చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది చూడండి. ముప్పావు అంగుళం జీఐ గొట్టం. వెలుతురుకెత్తి లోపలికి చూడండి. తుప్పు పొరలు పొరలుగా పేరుకుపోయి, మధ్యలో పెన్సిలు దూరేంత సందు మిగిలింది. తడికి జవాబు కూడా అక్కడే దొరికింది. సింకు నీళ్లు పోయే గొట్టం గోడలోకి వెళ్లే చోట అతుకు ఎప్పుడో వదిలేసింది. గిన్నెలు కడిగిన ప్రతిసారీ చెంబెడు నీళ్లు గోడ తాగుతోంది.

మామగారు వాస్తు మాట ఎత్తారు. పొయ్యి ఆగ్నేయంలోనే ఉంది, బాగుంది. సింకు ఈశాన్యం మూలకి జరిపితే మంచిదని ఎవరో చెప్పారట.

ప్లంబరు నేల మీద చాక్‌పీసుతో గీత గీశాడు. "సార్, అక్కడికి పదడుగులు. డ్రైను గొట్టానికి నలభై అంగుళాలకి ఒక అంగుళం వాటమన్నా ఇవ్వాలి, లేకపోతే జిడ్డు నిలిచిపోద్ది. పదడుగులంటే నూట ఇరవై అంగుళాలు. మూడు అంగుళాలు దిగాలి. కింద అంత లోతు లేదు, బయట డ్రైను మట్టం అది. అప్పుడు గది నేలంతా మూడంగుళాలు లేపాలి."

నేల లేపితే గుమ్మం దగ్గర మెట్టు వస్తుంది. ఆ మెట్టు మీద రోజూ నడవాల్సింది అత్తగారి మోకాళ్లు. మామగారు ఆవిడ వైపు చూశారు. "ఉన్నచోటే ఉండనీ," అన్నారు ఆయనే. ఆ ఒక్క మాటతో కొన్ని వేలు మిగిలాయి. వంటగది పనిలో నీళ్ల చోటు, పొయ్యి చోటు ఎంత తక్కువ కదిపితే ఖర్చు అంత తగ్గుతుంది.

నీళ్లకి సీపీవీసీ, మురుగుకి మూడంగుళాల పీవీసీ, గోడలో అతుకులు వీలైనన్ని తక్కువ. గోడ మూసేముందు గొట్టాల్లో నీళ్లు నింపి, ఒత్తిడి పెట్టి, ఒక రాత్రంతా వదిలేసి చూడాలి. ఫొటోలు తీసి పెట్టుకోవాలి, పక్కన టేపు కనిపించేలా. రేపు చిమ్నీ బిగించేవాడు మేకుకి డ్రిల్లు పెట్టినప్పుడు ఆ ఫొటోయే గొట్టాన్ని కాపాడుతుంది.

కరెంటు పని చూసే ఆయన వచ్చేసరికి పన్నెండయింది. తలుపు పక్కన బోర్డు విప్పాడు. చెక్క పలక, దాని మీద నల్లటి బేకలైటు స్విచ్చులు, వెనక అల్యూమినియం తీగ. తొడుగు వేలు తగిలితే పొడిపొడిగా రాలుతోంది. ఎర్తు తీగ లేదు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏమేం పెడతారు?"

ఇండక్షన్ పొయ్యి, రెండు వేల వాట్లు. కెటిల్ పదిహేను వందలు. మిక్సీ ఏడువందల యాభై. పొద్దున్నే కాఫీ వేళకి మూడూ ఒకేసారి తిరిగితే 4,250 వాట్లు. లెక్కల మేడం వెంటనే 230తో భాగించారు: "పద్దెనిమిదిన్నర ఆంపియర్లు. ఆ ఒక్క ప్లగ్గుకా?"

"అందుకేనమ్మా ఆ పిన్ను సాకెట్ దగ్గర పసుపురంగు తిరిగింది."

ఫ్రిజ్‌కి వేరే లైను. గట్టు వెంట ప్లగ్గులకి రెండు లైన్లు, మెయిన్ డబ్బా దగ్గర్నుంచి నేరుగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. దీపాలకి ఒకటిన్నర. పెరట్లో కొత్త ఎర్తు గుంట. డబ్బాలో, కరెంటు లీకయితే లైను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. తడిచేత్తో మిక్సీ ముట్టుకునే గదిలో ఇది లేకపోతే మిగతా సొగసులన్నీ దండగ. ఇంటికి మంజూరైన లోడు కూడా బిల్లు మీద చూసుకుని, తక్కువుంటే కరెంటాఫీసులో పెంచుకోమన్నాడు.

గ్యాసుబండ సంగతి కూడా అప్పుడే వచ్చింది. గట్టు కింద తలుపులు వేసి దాన్ని మూసేయాలని కోడలి ఆలోచన. దాచుకోవచ్చు. కానీ ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. ఆ తలుపుకి అడుగున, నేలకి ఆనుకుని గాలి జాలీ ఉండాలి. బండ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి, రెగ్యులేటరు చేతికి అందాలి. అన్నీ కాగితం మీద పడ్డాయి.

ఎండ తగ్గాక షోరూముకి. బయట నలభై, లోపల చల్లగా ఉంది. తలుపు తోస్తే దానంతటదే మెల్లగా మూసుకుంటుంది. సొరుగు లాగితే చప్పుడు లేదు. కోడలు మళ్లీ మళ్లీ లాగి చూస్తోంది, మీకూ లాగాలనిపిస్తుంది. సేల్సు కుర్రాడు కంప్యూటర్లో మన గదిని కట్టి చూపించాడు, తెర మీద గోడకి చెమ్మ లేదు. మొత్తం 3,40,000. డబ్బాలు, పై అలమరలు, చిమ్నీ, సింకు అన్నీ అందులోనే.

అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని కాగితం ఆఖరి వరస దాకా చదివారు. "పన్ను అదనం అని ఉంది బాబూ."

"పద్దెనిమిది శాతం మేడం."

అంటే 4,01,200. పగలగొట్టడం, గొట్టాలు, తీగలు, గోడ పని, టైళ్లు, గ్రానైటు, రంగు ఏవీ అందులో లేవు.

"ఈ డబ్బాలు ఏ చెక్క?" అని ఆవిడ రెండో ప్రశ్న. కుర్రాడు ఒక ముక్క తెచ్చాడు. ముక్క అంచు చూడండి, పొట్టు అదిమినట్టుంది. సింకు చుట్టుపక్కల అది పనికిరాదు, తడి తగిలితే ఉబ్బుతుంది. ప్లైవుడ్ మీద ఐఎస్ 303 అని, బీడబ్ల్యూఆర్ రకమని ఉంటే కాస్త తేమకి ఓర్చుకుంటుంది. ఐఎస్ 710 అయితే దాన్ని 72 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్షిస్తారు. ధర తేడా వస్తుంది, సింకు దగ్గరి రెండు పలకలకి ఆ తేడా పెట్టొచ్చు. షోరూమువాడు ఏ నంబరు ముద్రో బిల్లులో రాసివ్వాలి. రాసివ్వనంటే అదే జవాబు.

ఇంటికి వచ్చేశాక మేస్త్రే ఇంకో దారి చెప్పాడు. గట్టు కింద డబ్బాలు చెక్కవి ఎందుకు? పాత గట్టు మీద ఉన్న కడప బండలు పగలకుండా తీసి, కోయించి, నిలువు పలకలుగా, అరలుగా బిగిస్తాడు. వాటికి చెద పట్టదు, తడికి ఉబ్బవు. చెక్క తలుపులకీ, రెండు వరసల సొరుగులకీ మాత్రమే. సింకు కింద అల్యూమినియం తలుపు. కిటికీ ఉన్న గోడకి పై అలమరలు వద్దు, గాలి దారి మూసుకుంటుంది. గుంటూరు మిర్చితో పోపు పడే ఇంట్లో కిటికీ తెరిచే ఉండాలి, చిమ్నీ గొట్టం కూడా తక్కువ వంపులతో నేరుగా బయటికి పోవాలి.

గట్టు మీదికి రాయి చూడ్డానికి ఆదివారం మార్టూరు. చిలకలూరిపేట దాటాక, హైవే పక్కన వరసగా గ్రానైటు పాలిషింగు యూనిట్లు. కారు దిగగానే రంపం హోరు, నీళ్లూ రాతిపొడీ కలిసిన బూడిదరంగు బురద. పలకలు ఏటవాలుగా నిలబెట్టి ఉన్నాయి. కోడలి కన్ను చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ మీద పడింది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. పక్కనే చుక్కల్లేని నల్లరాయి, ధర బాగా తక్కువ. మేస్త్రి జేబులోంచి గుడ్డ తీసి, థిన్నరుతో తడిపి దాన్ని రుద్దాడు. గుడ్డకి నలుపు అంటింది. రంగు పట్టించిన రాయి. ఏమీ అనకుండా ముందుకు నడిచాడు.

అతనికి ముఖ్యం రంగు కాదు, మందం. పలక అంచు నాలుగు చోట్ల కొలిచాడు, ఎక్కడా 18 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. నీళ్లు చల్లి, ఆరుతుంటే సన్నటి పగులు గీత ఏమన్నా తడిగా మిగిలిందా అని వంగి చూశాడు. "సింకు కోసం కోసే చోట మూలలే బలహీనం. అక్కడ గీత ఉంటే బిగించేటప్పుడే విరుగుద్ది." గట్టు ఎల్ ఆకారంలో పదిహేడు అడుగులు, రెండడుగుల వెడల్పు: ముప్పై నాలుగు చదరపు అడుగులు. అంచులకీ వృథాకీ కలిపి నలభై తీసుకున్నారు. అమ్మేవాడు కొలత వేస్తుంటే టేపు రెండో కొస అత్తగారు పట్టుకున్నారు.

ఆ రాత్రి వీధి అరుగు మీద లెక్కల సభ. మధ్యలో నోటుబుక్కు, చుట్టూ నలుగురం, ఒక పళ్లెంలో ముంజెలు. మేస్త్రి కూడా ఉన్నాడు. మామగారు చదువుతున్నారు, అత్తగారు కూడుతున్నారు.

పగలగొట్టడం, రబ్బిష్ ఎత్తించడం, వెనక వసారాలో తాత్కాలిక వంట ఏర్పాటు: 22,000. నీళ్ల గొట్టాలు, డ్రైను: 38,000. కరెంటు: 36,000. తాపీ పని, ప్లాస్టరింగు, గట్టు, కడప బండలు: 62,000. టైళ్లు, వేయించడం: 34,000. గ్రానైటు, కోత, అంచు పాలిషు, బిగింపు: 21,000. చెక్క పని: 1,10,000. సింకు, కుళాయి, చిమ్నీ: 34,000. కిటికీ బాగు, రంగు: 18,000.

"మూడు లక్షల డెబ్బై అయిదు వేలు."

"అయితే ఇంకో డెబ్బై అయిదు వేలు మిగిలాయిగా," కోడలి గొంతులో ఆశ. "షోరూములో చూసిన ఆ పెద్ద అలమర..."

"అవి మిగల్లేదమ్మా. అవి గోడ లోపలున్నాయి," అన్నారు అత్తగారు. డెబ్బై అయిదు వేలంటే అంచనాలో సరిగ్గా అయిదో వంతు. పాత ఇల్లు పగలగొట్టాక ఏం చూపిస్తుందో ఎవరూ చెప్పలేరు. అడుగు మేర తీస్తేనే ఇంత తడి బయటపడింది, ఇంకా మూడు గోడలున్నాయి.

ఇంకోసారి ఆ అంకెలు చూడండి. మొదటి నాలుగు పద్దులూ కలిపితే 1,58,000. ఆ డబ్బు పెట్టిన చోటు పని పూర్తయ్యాక ఎవరికీ కనబడదు. ఖర్చులో నూటికి నలభై రెండు పాళ్లు గోడలోకి, నేలలోకి పోతున్నాయి. షోరూము దారి పట్టి ఉంటే 4,01,200కి మిగతా పనుల 2,31,000 కలిసి ఆరు లక్షలు దాటేది. నాలుగున్నరలో సర్దాలంటే అప్పుడు ఏది కోసేవాళ్లు? గొట్టమే, తీగే. ఎందుకంటే అవి కనబడవు.

డబ్బు ఇచ్చే పద్ధతి మీద బేరం నడిచింది. మేస్త్రి రోజుకూలి అన్నాడు, మామగారు గుత్త అన్నారు. పగలగొట్టే పని, చెమ్మ పని రోజుకూలికి. అది ఎంతవుతుందో ఎవరికీ తెలియదు, గుత్తకిస్తే తొందరపడి మూసేస్తారు. టైళ్లు, గట్టు, ప్లాస్టరింగు గుత్తకి, వాటిని అడుగుల్లో కొలవొచ్చు. చెక్క పనికి కొంత బయానా, సామాను ఇంట్లో దిగాక కొంత, బిగించాక కొంత. చివరి పదో వంతు మాత్రం పది రోజులు గిన్నెలు కడిగి, సొరుగులు లాగి చూశాకే. సిమెంటు బిల్లుతోనే కొనాలని మామగారి పట్టు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ తగ్గింపు మనదాకా వచ్చిందో లేదో బిల్లులోనే తెలుస్తుంది. ఇసుక ఉచితమే కదా అని కోడలు అంటే మేస్త్రి నవ్వాడు. "ఇసకకి డబ్బుల్లేవమ్మా. ట్రాక్టరుకుంది."

చివరికి తేదీలు. ఏరువాక పున్నమి వెళ్లగానే మొదలు. గొట్టాలు, తీగలు, తర్వాత గోడ ఆరడానికి మూడు వారాలు. ఆషాఢంలో కొత్త ఇళ్లకి ముహూర్తాలుండవు, మేస్త్రికి మనుషులు దొరుకుతారు. ప్లాస్టరింగుకి వారం నీళ్లు పట్టాలి, ఆ తర్వాతే టైలు, ఆ తర్వాత గ్రానైటు, ఆఖరున చెక్క. వానల్లో ప్లైవుడ్ ముందే తెచ్చి వసారాలో పడేస్తే ఉబ్బి కూర్చుంటుంది, అందుకే వడ్రంగికి రావాల్సిన తేదీ విడిగా రాశారు. మొదలైన దగ్గర్నుంచి వరలక్ష్మీవ్రతానికి దాదాపు ఎనిమిది వారాలుంటాయి. రుబ్బురోలు పెరట్లో మామిడిచెట్టు కిందికి వెళ్తుంది. దాని మీద ఎవరూ వాదించలేదు.

మామగారు పేజీ కింద సంతకం చేశారు. మేస్త్రీ చేశాడు.

పాత ఇంట్లో వంటగది మార్చుకోవాలనుకునే వాళ్లందరికీ ఒక మాట. షోరూముకి ఆఖరున వెళ్లండి. ముందు తాపీమేస్త్రినీ, ప్లంబరునీ, కరెంటు మనిషినీ ఇంటికి పిలవండి. వాళ్లు ముగ్గురూ గోడ కొట్టి, గొట్టం విప్పి, బోర్డు తెరిచి చూశాక లెక్క రాయించుకోండి. ఆ మొత్తం పక్కన పెట్టండి, అంచనాలో అయిదో వంతు ఇంకో పక్కన పెట్టండి. తర్వాత మిగిలిందే మీ గ్రానైటుకీ, మీ సొరుగులకీ, మీ మెరుపుకీ బడ్జెట్టు. సొరుగులు రెండేళ్ల తర్వాతయినా మార్చుకోవచ్చు. గోడలో గొట్టం మార్చాలంటే మళ్లీ గట్టు పగలగొట్టాలి.